అడ్డు తీసేసిన దివానియా

ఇళ్ళ లోపలి గదులు తీర్చిదిద్దే పని నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని పిల్లలెవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. మంట వాళ్ళ మీద కాదు. వాళ్ళకు చెప్పాల్సిన మాట నాకు బాగా తెలుసు. అది చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకే ఇన్నేళ్ళూ "టేపు ఒకటి కొనుక్కో, ముందు మీ ఇల్లు కొలుచుకో" అని చెప్పి తప్పించుకున్నాను. ఈసారి మొత్తం చెప్పేస్తాను.

మాది రాయచోటి దగ్గర పల్లె. మేం దూదేకులవాళ్ళం. నాయన విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి, పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. నేను వెంట పోయేవాణ్ణి. దూది ఎగురుతుందని మమ్మల్ని ఎవరూ లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. అరుగు మీదే మా పని. అక్కడ కూర్చుంటే వీధి గుమ్మం, దాని వెనక నడవ గుమ్మం, ఆ వెనక వంటింటి గుమ్మం, చివర పెరటి గుమ్మం అన్నీ ఒకే వరుసలో కనబడేవి. చివర్న పెరట్లోంచి వెలుతురు వచ్చేది. గుమ్మాలు అలా వరుసగా ఉంటేనే ఇల్లు మంచిదని మావైపు అందరి నమ్మకం. నేను ఆ వెలుతురు వంకే చూస్తూ, లోపల మంచం ఏ గోడకు వేశారా, ఎవరు ఎక్కడ కూర్చుంటారా అని ఊహించుకునేవాణ్ణి. నాయన నెత్తిన మొట్టికాయ వేసేదాకా చేతిలో పని సాగేది కాదు.

డెబ్భైల చివర్లో కువైట్ వచ్చాను. మా ఊరాయన, నాకు చిన్నాయన వరస, అక్కడ డ్రైవరుగా ఉండి వీసా తెచ్చాడు. కాగితాల ప్రకారం నేనొక కువైటీ ఇంట్లో పనివాణ్ణి. ఆ ఇంటి గడప ఒక్కనాడూ తొక్కలేదు. వీసా ఇచ్చిన కఫీల్‌కు నాతో పని లేదు, నా పని సబ్హాన్‌లో, దివానియా పరుపులు కుట్టే వర్క్‌షాపులో. దివానియా అంటే కువైటీల ఇళ్ళలో మగవాళ్ళు సాయంత్రాలు చేరి కబుర్లు చెప్పుకునే గది. గోడల వెంట నేలకు ఆనించి పరుపులు, వీపులకు దిండ్లు, మోచేతుల కింద దిండ్లు. దూదికి బదులు స్పాంజి, అంతే తేడా. సముద్రం దాటి వచ్చి మళ్ళీ పరుపులే కుడుతున్నానని మొదటి వారమంతా ఏడ్చాను.

అయితే ఒక్క సంగతి నన్ను అక్కడ నిలబెట్టింది. కుట్టినవి తీసుకెళ్ళి అమర్చే రోజున మమ్మల్ని గది లోపలికి రానిచ్చేవాళ్ళు. రెండు మూడు గంటలు ఒక గది మొత్తం నా కళ్ళ ముందు ఉండేది. మిగతావాళ్ళు పని ముగించుకుని బయట సిగరెట్లు కాలుస్తుంటే నేను గోడ వెంట ఒక్కో చోటే కూర్చుని చూసేవాణ్ణి. ఇక్కడి నుంచి ఏం కనబడుతుంది, ఎండ ఎవరి కంట్లో పడుతుంది, తలుపు తెరిస్తే ఎవరి మోకాలికి తగులుతుంది. పిచ్చోడు అనుకునేవాళ్ళు మావాళ్ళు.

వర్క్‌షాపు మూలన అద్దాల గదిలో కూర్చుని గదుల ప్లాన్లు గీసే పెద్దాయన మాత్రం అలా అనుకోలేదు. ఆయన పాలస్తీనా మనిషి. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. ఒకసారి నేనలా కూర్చుని లేస్తుంటే చూసి ఏం చేస్తున్నావని అడిగాడు. వచ్చీ రాని అరబీలో, ఇక్కడ కూర్చునేవాడికి ఏం కనబడుతుందో చూస్తున్నా అన్నాను. "గదిని నిలబడి చూసేవాళ్ళే అందరూ. కూర్చుని చూడాలని నీకెవరు చెప్పారు?" అని నవ్వాడు. ఆయన కంట్లో నేను పడడం నా అదృష్టమో, ఆయన ఖర్మో.

ఆ తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళ నన్ను అద్దాల గదిలోకి రానిచ్చేవాడు. ఒక పాత టేపు ఇచ్చాడు. దాని కొన విరిగిపోయింది. పది దగ్గర మొదలుపెట్టి కొలిచి, పది తీసెయ్యాలి. మీటరును రెండు సెంటీమీటర్లుగా కాగితం మీదికి దించడం నాకు నెల పట్టింది. లెక్కల్లో పదో తరగతి తప్పినవాణ్ణి మరి. బట్టల తానులకు చుట్టి వచ్చే గోధుమరంగు కాగితం ఎవరికీ అక్కర్లేదు, అది దాచుకుని, చూసి వచ్చిన ప్రతి గదినీ గుర్తు తెచ్చుకుని గీసేవాణ్ణి. ఉస్తాద్ చూసి, "తలుపు ఎటు తెరుచుకుంటుందో మర్చిపోయావు", "ఇక్కడ కూర్చునేవాడు పొట్టివాడా, వీపు ఎక్కడ ఆనిస్తాడు?" అని ఎర్ర పెన్సిల్‌తో గీతలు పెట్టేవాడు. చివాట్లు తిన్నా కడుపు నిండినట్టుండేది.

అబ్బాసియాలో మేం ఆరుగురం ఉండే గదిని కూడా వదల్లేదు. గది ప్లాను గీసి, ఆరు మంచాలకు ఆరు కాగితం ముక్కలు కత్తిరించి, అటూ ఇటూ జరిపి చూశాను. మూడు మంచాలు జరిపితే చాలు, తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, మూసుకుపోయిన కిటికీ బయటపడుతుంది. శుక్రవారం అందరూ బయటికి పోయిన పూట జరిపేశాను. వచ్చాక చూడాలి గోల!

"నా మంచం యాడ్రా?" అని ఒకడు, "ఈ పెట్టెలు ఎవురు ముట్టుకున్యారు?" అని ఇంకొకడు.

చిన్నాయన అయితే నడుం మీద చెయ్యేసుకుని, "ఏంరా, నువ్వు పరుపులు కుట్టను వచ్చినావా, మా కాపురాలు సర్దను వచ్చినావా?" అన్నాడు.

కానీ మంచాలు మళ్ళీ పాతచోటికి ఎవరూ జరపలేదు. కిటికీ తెరుచుకుంది కదా. మర్నాడు చిన్నాయన ఆ కిటికీ కిందే కూర్చుని గడ్డం గీసుకుంటుంటే నా కళ్ళు నెత్తికెక్కాయి. నాకు గదులు తెలుసు అనుకున్నాను.

అప్పుడు పడింది పిడుగు. కఫీల్‌కు కొత్త డ్రైవరు కావాల్సి వచ్చి, నా వీసా అతనికి వాడుకుంటానన్నాడు. ఇఖామాకు, అంటే ఆ దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతికి, గడువు రెండు నెలలు ఉంది. ఈలోగా ఎవరైనా నన్ను తమ కాగితాల మీదికి తీసుకుంటే వదులుతానని, లేకపోతే విమానం ఎక్కించేస్తానని చిన్నాయనతో చెప్పి పంపాడు. వర్క్‌షాపు యజమాని దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "కుట్టేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. గీసేవాడు ఇంకొకడుంటే తీసుకుంటా" అన్నాడు. వెనక నుంచి ఉస్తాద్ అన్నాడు: "ఇతనికి ఒక గది ఇచ్చి చూడండి."

అలా తేలింది నా తలరాత. ఒక గది. అది ఇంటాయనకు నచ్చితే ఇఖామా, నచ్చకపోతే ఊరు.

చెబితే నవ్వుతారేమో, ఊరికి పోవడమంటే నాకు భయం లేదు. మళ్ళీ అరుగు మీదికి పోవడమంటే భయం. గది లోపల ఎలా ఉంటుందో చూసి, గీసి, ఒకాయన చేత శభాష్ అనిపించుకున్నాక, మళ్ళీ గుమ్మం బయట కూర్చుని దూది ఏకుతూ బతకమంటే నావల్ల కాదు. చస్తాను అనుకున్నాను. ఆ రోజుల్లో అన్నం సయించేది కాదు. కుట్టుమిషను మీద సూది రెండుసార్లు వేలికి దిగింది. ఎవరైనా "ఎన్ని రోజులుందిరా గడువు?" అని అడిగితే కొట్టాలనిపించేది.

ఆ గది ఒక పెద్దమనిషి ఇంటిది. పాత దివానియా. పరుపులు, గోడలకు చెక్క పని, దీపాలు, అన్నీ కొత్తవి కావాలన్నాడు. "చీకటిగా ఉంది. వెలుతురు కావాలి" అని ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పాడు. వీధి గుమ్మం ఒక గోడకు ఉంది. ఎదుటి గోడకు, సరిగ్గా దానికి సూటిగా, ఇంట్లోకి పోయే గుమ్మం ఉంది. టీ, భోజనం పళ్ళేలు అటునుంచే వస్తాయి. ఆ గుమ్మానికి ముందు, గది లోపలే, మనిషి ఎత్తుకు మించిన చెక్క అడ్డు ఒకటి నిలబెట్టి ఉంది. నల్లబడి, కింద పుచ్చిపోయి, అసహ్యంగా ఉంది. దాని పక్కనుంచి తొంగి చూశాను. అవతల ఇంటి నడిమధ్య పైకప్పు లేని వాకిలి, దాని నిండా ఎండ. నా గుండె ఝల్లుమంది. గుమ్మానికి గుమ్మం ఎదురుగా ఉంది, చివర వెలుతురు ఉంది, ఏ బుద్ధిలేనివాడో మధ్యన చెక్క అడ్డం పెట్టాడు. అది తీసేసి గుమ్మానికి అద్దాల తలుపు పెడితే గది సగం పని అయిపోయినట్టే.

పది రోజులు గీశాను. ఉస్తాద్ చూశాడు. పరుపుల లోతు మార్చాడు, దీపాలు రెండు తగ్గించాడు, అద్దాల తలుపు దగ్గర వేలు పెట్టి "బాగుంది, వెలుతురు వస్తుంది" అన్నాడు. ప్లానులో ఆ చెక్క అడ్డు నేను గీయలేదు. ఆయన ఆ ఇంటికి రాలేదు, నా కొలతల్ని నమ్మాడు. వాళ్ళ ఇళ్ళలో మగవాళ్ళ గదికీ ఆడవాళ్ళు తిరిగే చోటుకీ మధ్య అడ్డు ఉండకుండా ఉంటుందని ఆయనకు కలలో కూడా తట్టదు. ఉన్నదాన్ని ఉంచుతున్నాను కాబట్టి గీయలేదని అనుకున్నాడు. ఇంటాయనా అలాగే అనుకుని సరేనన్నాడు. ఉస్తాద్ కింద సంతకం పెట్టాడు.

చలికాలం చివర కువైటీలు కుటుంబాలతో ఎడారిలో గుడారాలు వేసుకుని కొన్ని వారాలు ఉండి వస్తారు. ఆ ఇంటివాళ్ళూ పోయారు. వాళ్ళు వచ్చేలోపు గది తయారు కావాలి. ఇంట్లో నడవలేని ముసలమ్మ, ఆమెను చూసుకునే పనామె మాత్రం ఉన్నారు. చెక్క అడ్డు విప్పి నలుగురం మోస్తుంటే నా కాలి మీద పడింది. నేను తిట్టిన తిట్టు విని పనామె లోపలి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మన తెలుగోడివేనా అబ్బీ? యా ఊరు?"

చెప్పాను. ఆమెదీ కడప జిల్లానే. నాకంటే పదేళ్ళు పెద్దది.

"ఈ అడ్డు యాడికి తీసకపోతాండారు?"

"పారెయ్యనీకక్కా. దీనివల్లే చీకటి."

"తీస్తే ఎట్లబ్బీ? ఈడ ఆడోళ్ళు తిరుగుతారు గదా. పెద్దామె తల ఆరబెట్టుకునేది ఈ వాకిట్లోనే. మామా, అదే ఈ ఇంటామె, వచ్చినాక ఒక్కమాట అడిగి తియ్యి."

ఇక్కడే నేను ఆగాల్సింది. ఆమె చెప్పింది నాకు అర్థం కాలేదని అబద్ధం చెప్పను. అర్థమైంది. మావాళ్ళు అడ్డును అప్పుడే బయట లారీలోకి ఎక్కించారు, తెచ్చి నిలబెట్టడానికి పావుగంట చాలు. కానీ అది నిలబెడితే అద్దాల తలుపు వృథా, వెలుతురు లేదు. ఉస్తాద్ దగ్గరికి పోయి నేను తప్పు గీశానని చెప్పాలి. ఇఖామాకు పన్నెండు రోజులే ఉంది.

"గీసేటోళ్ళకు తెలీదా అక్కా? నీకెందుకు, నువ్వు లోపలికి పో. మనం మాట్లాడేది ఎవురన్నా చూస్తే ఇద్దరికీ చేటు" అని కసిరాను.

ఆమె మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. లారీ కదిలింది.

ఇంటివాళ్ళు ఎడారి నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే దివానియా మొదలైంది, దిండ్లు సరిచూడడానికి నన్ను రమ్మన్నారు. మగ్రిబ్ నమాజు అయ్యాక అతిథులు ఒక్కొక్కరే వచ్చారు. నేను చెప్పుల దగ్గర నిలబడి చూస్తున్నాను. గది ఎంత బాగుందో! మొదట వచ్చినాయన గుమ్మంలో ఆగి "మాషాఅల్లా" అన్నాడు. ఆ మాటతో పాటే ఆయన చూపు సూటిగా అద్దాల తలుపు దాటి పోయింది. అవతల వాకిట్లో దీపం వెలుగుతోంది. ముసలమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. తల మీద గుడ్డ లేదు, పనామె ఆమె జుట్టు దువ్వుతోంది. అతిథి గబుక్కున తల దించుకున్నాడు. వెనకవాళ్ళూ దించుకున్నారు. ఇంటాయన కూర్చున్నవాడు లేచి, ఆ తలుపుకు తన వీపు ఆనించి నిలబడ్డాడు. కేకలు లేవు. ఆ సాయంత్రమంతా ఆయన కూర్చోలేదు. అలా నిలబడే అందరికీ నవ్వుతూ మర్యాదలు చేశాడు. నా తల కొట్టేసినట్టయింది. చెప్పుల మధ్య నుంచి జారుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన వర్క్‌షాపుకు వచ్చాడు. యజమాని ఎదురెళ్ళి నిలబడ్డాడు. పెద్దమనిషి ప్లాను బల్ల మీద పరిచి, చాలా మెల్లగా అడిగాడు.

"ఇది ఎవరు గీశారు?"

నేను టేపు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఉస్తాద్ కళ్ళజోడు పెట్టుకుని ప్లాను చూశాడు, అద్దాల తలుపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ ఒక్క చూపులో ఆయనకు సంగతంతా తెలిసిపోయింది.

"నేనే" అన్నాడు. "సంతకం నాది. పొరపాటు నాది."

నన్ను కాపాడుతున్నాడని అప్పుడే తెలుసు. ఇన్నేళ్ళుగా ఉన్నవాణ్ణి, నాలుగు తిట్లతో పోతుంది, ఈ కుర్రవాడైతే విమానం ఎక్కుతాడు అనుకున్నాడు. అలా జరగలేదు. పెద్దమనిషి పరువు పోయింది, ఆయన మాటకు మా యజమాని దగ్గర తిరుగులేదు. యజమాని ఉస్తాద్‌ను చూసి "నీకు వయసు మీద పడింది. ఖలాస్" అన్నాడు. అంతే. ఎంతో కాలం పనిచేసిన మనిషికి ఒక్క మాట.

ఉస్తాద్ మళ్ళీ నా వైపు చూశాడు. ఈసారి ఆ చూపు వేరు. చెప్పు, ఇప్పుడు చెప్పు అన్నట్టుంది. నేను చేతిలో ఉన్న టేపు వంక చూశాను. ఒక అంకె, దాని పక్కన అంకె, అలా చూస్తూనే ఉన్నాను. చెప్పాలనే అనుకున్నాను. ఒట్టు. నోటిదాకా వచ్చింది. అరుగు గుర్తొచ్చింది, నోరు మూసుకుంది.

"చేతిలో ఉన్న పనులు ఎవరు గీస్తారు?" అన్నాడు యజమాని. "ఈ ఇండియావాడు గీయగలడా?"

ఉస్తాద్ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "గీయగలడు" అన్నాడు. పెన్సిళ్ళ డబ్బా నా వైపు జరిపి, కోటు వేసుకుని వెళ్ళిపోయాడు.

నాకు చెప్పుకోవడానికి కనీసం రాయచోటి అనే ఊరు ఉంది, దించేస్తే అక్కడ దిగుతాను. ఆయనకు తిరిగి వెళ్ళడానికి ఊరు లేదు. భార్య, ముగ్గురు ఆడపిల్లలు, అందరి ఇఖామాలూ ఆయన పని మీదే ఉన్నాయి. ఇది నాకు తెలుసు. భోజనాల వేళ ఆయనే చెప్పాడు. తెలిసి కూడా వారంలో నా కాగితాల మీద వేలిముద్రలు వేశాను. చిన్నాయన గదిలో అందరికీ మిఠాయి పంచాడు. నేనూ తిన్నాను. ఉస్తాద్ తర్వాత ఎక్కడికి పోయాడో, ఎవరు పని ఇచ్చారో నేను కనుక్కోలేదు. కనుక్కుంటే వెళ్ళి కలవాలి కదా, ఏ మొహం పెట్టుకుని కలుస్తాను?

అద్దాల గదిలో నా మొదటి పని ఆ ఇంటిదే. కొత్త చెక్క అడ్డు గీసి, చేయించి, నిలబెట్టించాలి. వడ్రంగులు మేకులు కొడుతుంటే పనామె టీ పళ్ళెం తెచ్చి అడ్డు పక్కన నేల మీద పెట్టింది. దగ్గర్లో ఎవరూ లేరు. ఉన్నా మా మాట ఎవరికీ అర్థం కాదు.

"ఆ ముసలాయన్ను తీసేసినారంట గదా అబ్బీ" అంది. "ఈడికి వచ్చి మా సారు ముందర నిలబడి, తప్పు నాదే అని చెప్పిపోయినాడు. పాపం, కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి ఆయప్పకు. నేను ఇంకోటి అనుకున్యా. గీసింది నువ్వేనేమో అనుకున్యా. నువ్వే గదా?"

కువైట్ మొత్తంలో ఆ మాటకు నిజం చెప్పినా నాకు ఏ ముప్పూ రాని మనిషి ఆమె ఒక్కతే.

"నేను కాదక్కా" అన్నాను. "ఆయనే గీసినాడు. ముసలోడైనాడు గదా, కండ్లు సరిగ్గా కనపడ్డంలా."

"అయ్యో పాపం" అని ఆమె గ్లాసు నా చేతికిచ్చింది. తీసుకుని తాగాను.